నూరుగురిలో మువ్వురు

1768వ సంవత్సరము జూలై మాసమున లండను నగరమందలి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సభలో విలియం హెబర్డెన్ అను వైద్యుడొక పత్రము చదివెను. మనుష్యుడు నడచుచుండగా, అందును మెరక యెక్కునపుడు, భోజనమైన వెంటనే నడచునపుడు, ఱొమ్మును ఎవరో బిగించి పట్టినట్లు బాధ పుట్టును; నిలిచినంతనే అది మాయమగును; కొంతకాలమిట్లు వచ్చుచు పోవుచునుండి, తుదకొకనాడు రోగి హఠాత్తుగా కూలిపోవును. చెదరియున్న ఈ లక్షణములను ఒక్కచోట చేర్చి ఆయన దానికి ‘ఆంజైనా పెక్టోరిస్’ అని పేరు పెట్టెను. పత్రము 1772లో అచ్చయినది. ఆ పేరు నేటికిని వైద్యుల వాడుకలో నిలిచియున్నది.

హెబర్డెన్ మరణించిన మరుసటి యేట, అనగా 1802లో, ఆయన వైద్యానుభవములు గ్రంథరూపమున వెలువడెను. అందు ఈ వ్యాధిని గూర్చిన ప్రకరణమున ఆయన తన లెక్క చెప్పియున్నాడు. ఇంచుమించు నూరుగురు రోగులను చూచెనట. వారిలో స్త్రీలు మువ్వురు. ఒకడు పండ్రెండేండ్ల బాలుడు. తక్కినవారందరును ఏబదియేండ్లకు దగ్గరపడినవారో, దాటినవారో యైన పురుషులు.

ఈ లెక్కను గూర్చియే మేము నేడు శ్రోతలతో ముచ్చటింపదలచితిమి. ఇది అబద్ధపు లెక్క కాదు. స్త్రీలకు ఈ వ్యాధి పురుషులకంటె కొన్నియేండ్లు, దాదాపు పదియేండ్లు, ఆలస్యముగ వచ్చునని తరువాతి పరిశోధనలును తేల్చినవి. అయినను ఇది హెబర్డెన్ గారి కడకు వచ్చినవారి లెక్కయే గాని జబ్బుపడినవారి లెక్క గాదు. ఆయన లండనులో పేరుపొందిన వైద్యుడు. డాక్టర్ శామ్యూల్ జాన్సన్ వంటి పండితుడు ఆయన రోగి. మెరక యెక్కునపుడు నొప్పి వచ్చుచున్నదని అంతటి వైద్యునికి కబురు పంపగలవారెవ్వరు, ఆ నొప్పిని నరముల బలహీనతయని సరిపెట్టుకొని ఇంటనే కూర్చున్నవారెవ్వరు అను ప్రశ్న ఆ పుటలో కనబడదు. వచ్చినవారి లెక్క జబ్బుపడినవారి లెక్కగా చెలామణి యగుట అక్కడ ఆరంభమైనది. అది రెండువందల యేండ్లు సాగినది.

1793లో జాన్ హంటర్ అను ప్రఖ్యాత శస్త్రవైద్యుడు, తాను పనిచేయు సెయింట్ జార్జి ఆసుపత్రి సమావేశమున వాగ్వాదము జరిగినపుడు కోపోద్రేకముతో పడిపోయి మరణించెను. వైద్యవిద్యార్థులు ఈ కథను తరతరములుగ చెప్పుకొనుచు వచ్చిరి. 1910లో సర్ విలియం ఆస్లర్ ఈ వ్యాధిని గూర్చి చేసిన ఉపన్యాసములలో రోగి స్వరూపము మరింత స్పష్టమైనది: బలిష్ఠుడు, ఉత్సాహవంతుడు, పైకి రావలెనని పట్టుదల గలవాడు, విశ్రాంతి యెరుగని పురుషుడు. 1912లో చికాగో నగరవాసియగు జేమ్స్ హెరిక్, గుండెకు రక్తమునిచ్చు నాళము మూసికొనిపోయినను రోగి తక్షణమే చావవలసిన పనిలేదనియు, కొన్ని గంటలో దినములో బ్రతుకవచ్చుననియు, కొందరు కోలుకొనవచ్చుననియు నిరూపించెను. గుండెపోటునకు చికిత్స అను ఆశ అప్పుడే పుట్టినది. ఆయన విపులముగ వర్ణించిన రోగియు ఏబదియైదేండ్ల పురుషుడే. వ్యాధి వర్ణన క్రమక్రమముగ ఒక మనిషి వర్ణనగా మారిపోయినది.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో నడివయస్సు పురుషులు పిట్టలవలె రాలిపోవుచుండుట చూచి అచటి ప్రభుత్వము మేలుకొనెను. 1948లో బోస్టను నగర సమీపమున ఫ్రామింగ్‌హామ్ అను పట్టణములో 5,209 మందిని ఎన్నుకొని, ఎవరికి గుండెజబ్బు వచ్చును, ఎందుకు వచ్చును అని ఏండ్ల తరబడి పరిశీలింప మొదలిడిరి. వారిలో సగమునకు మించి స్త్రీలేయని ఇచట చెప్పుట న్యాయము. పొగత్రాగుట, రక్తపుపోటు, కొలెస్టరాలు గుండెకు చేటని మనకు నేర్పినది ఆ పట్టణమే. కాని ఆ పరిశీలన తొలి ఫలితములలో నొకటి ఆడువారికి మేలు చేయలేదు. ఆంజైనా నొప్పి గల పురుషులలో పెక్కుమందికి పిమ్మట గుండెపోటు వచ్చినది. అదే నొప్పి గల స్త్రీలకు అంతగా రాలేదు. కావున ఆడువారి ఱొమ్మునొప్పి ప్రమాదకరము గాదని వైద్యులు నిశ్చింతగ నుండిరి. అటుపై గుండె నాళములలోనికి రంగుమందు పంపి ఎక్స్‌రే తీయు ఆంజియోగ్రాం వచ్చినది. నొప్పి గల స్త్రీలలో సగముమందికి నాళములు తెరచుకొనియే యున్నట్లు 1980 ప్రాంతమున అమెరికా వైద్యులు చూచిరి. నాళము బాగున్నది, కావున గుండె బాగున్నది, కావున నొప్పి ఆమె మనస్సులోనిది అని ఒక తర్కము నడచినది. ఈ తర్కమునకు మేము మరల వత్తుము.

ఆ కాలపు మనోభావమునకు ఒక్క నిదర్శనము చాలును. 1964లో ఆరెగాన్ రాష్ట్రమునందు హృద్రోగ సంఘమువారు గుండెజబ్బును గూర్చి స్త్రీలకొఱకే ఒక మహాసభ జరిపిరి. వేలకొలది స్త్రీలు వచ్చిరి. సభ పేరు ‘గుండెలు, భర్తలు’. భర్తకేమి వండిపెట్టవలెను, అతనిని ఎట్లు కాపాడుకొనవలెను అనునదే అచటి విషయము. శ్రద్ధగ విని ఇంటికి పోయిన ఆ ఇల్లాండ్రకును గుండె యొకటి గలదను సంగతి కార్యక్రమ పట్టికకు ఎక్కలేదు.

పరిశోధనలును ఈ బాటనే పట్టినవి. ఋతువుడుగువరకు స్త్రీలకు గుండెజబ్బు అరుదు గనుక స్త్రీ హార్మోనగు ఈస్ట్రోజెన్ గుండెను కాపాడునేమో యని ఒక ఊహ కలదు. దానిని పరీక్షింపవలెనన్న ఎవరికి ఇచ్చి చూడవలెను? 1966లో మొదలైన ‘కరోనరీ డ్రగ్ ప్రాజెక్టు’లో ఒకసారి గుండెపోటు వచ్చి బ్రతికిన 8,341 మందిని చేర్చుకొనిరి. అందరును పురుషులే! వారిలో కొందరికి ఈస్ట్రోజెన్ ఇచ్చిరి. మేలు కలుగకపోగా కీడు కనబడుటచే పెద్ద మోతాదును 1970లోను, చిన్న మోతాదును 1973లోను మానివేసిరి. పిమ్మట ఆహారము మార్చి, పొగమాన్పించి, రక్తపుపోటు తగ్గించిన ఫలితమెట్లుండునో చూచుటకు మరియొక మహాప్రయోగము జరిగినది. దాని ఫలితములు 1982లో వెలువడినవి. అందు చేరినవారు 12,866 మంది పురుషులు. దాని ఆంగ్ల నామములోని పొడి అక్షరములను కలిపి చదివిన ‘మిస్టర్ ఫిట్’ అని వచ్చును. ఇది చమత్కారమో, యాదృచ్ఛికమో, శ్రోతలే నిర్ణయింతురుగాక.

అందరెరిగిన ఆస్పిరిన్ కథయు ఇంతియే. దినము విడిచి దినము ఆస్పిరిన్ మ్రింగినచో తొలి గుండెపోటు నూటికి 44 వంతులు తగ్గునని 1989లో అమెరికా వైద్యులు ప్రకటించిరి. 22,071 మందిపై చేసిన ఆ పరీక్షలో పాల్గొన్నవారందరును పురుష వైద్యులు. స్త్రీల పరీక్షా ఫలితము వచ్చుటకు మరి పదునారేండ్లు పట్టినది. 2005లో వెలువడిన ఆ పరీక్షలో 39,876 మంది స్త్రీలు కలరు. మోతాదు మునుపటికంటె తక్కువ. మొత్తముమీద వారికి తొలి గుండెపోటు తగ్గలేదు. పక్షవాతము నూటికి 17 వంతులు తగ్గినది. అరువదియైదేండ్లు దాటినవారికి మాత్రము గుండెకును కొంత మేలు కనబడినది. మగవారికి కుట్టిన చొక్కా ఆడువారికి సరిపోయినదని ఎవరును తొడిగి చూడలేదు, సరిపోవునని నమ్మిరి.

దురుద్దేశముతోనే ఇట్లు చేసిరని మేమనము. థాలిడోమైడ్ అను మందు గర్భిణులు మ్రింగగా వేలకొలది శిశువులు అవయవ లోపములతో పుట్టిన ఘోరము ఆ తరమువారి మనస్సులలో మెదలుచుండెను. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ శాఖవారు, గర్భము ధరింపగల వయస్సు స్త్రీలను కొత్త మందుల తొలిదశ పరీక్షలలో చేర్చరాదని సూచించిరి. కాపాడవలెనను తలంపే వారిని లెక్కలనుండి తప్పించినది. ఆ నిషేధమును 1993లో తొలగించిరి.

ఇంతవరకు పరిశోధనశాలల మాట. ఆసుపత్రిలో ఏమి జరుగుచున్నదో తెలిపిన సంవత్సరము 1991. ఆ జూలైలో అమెరికాలోని ప్రసిద్ధ వైద్యపత్రిక యొకటి రెండు వ్యాసములను ఒకే సంచికలో ప్రచురించెను. మసాచూసెట్స్, మేరీలండ్ రాష్ట్రములలో 1987లో గుండె నాళముల జబ్బుతో ఆసుపత్రులలో చేరిన ఎనుబదివేల మందికి పైగా రోగుల లెక్కలు మొదటిదానిలో నున్నవి. వయస్సు, ఇతర రోగములు సరిచూచిన పిమ్మటను ఆంజియోగ్రాం గాని, మూసిన నాళములను తెరచు చికిత్స గాని స్త్రీలకు తక్కువగ జరిగినది. రెండవ వ్యాసము మాకు మరింత ముఖ్యమని తోచినది. అది గుండెపోటు వచ్చి బ్రతికిన 1,842 మంది పురుషుల, 389 మంది స్త్రీల పూర్వచరిత్ర. గుండెపోటునకు ముందు ఆంజైనా నొప్పి స్త్రీలను పురుషులకంటె తక్కువగ బాధింపలేదు. అయినను ఆంజియోగ్రాం జరిగినది పురుషులలో నూటికి 27.3 మందికి, స్త్రీలలో 15.4 మందికి. బైపాస్ శస్త్రచికిత్స పురుషులలో నూటికి 12.7 మందికి, స్త్రీలలో 5.9 మందికి. ఒకే నొప్పి, ఒకే వైద్యము. చేసిన పని మాత్రము సగము.

ఈ రెండు వ్యాసములకు ముందుమాటవలె ఆ సంచికలోనే ఒక సంపాదకీయము కలదు. వ్రాసినవారు బెర్నడీన్ హీలీ. ఆమె హృద్రోగ నిపుణురాలు, ఆ యేటనే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు అధ్యక్షురాలైన మొదటి స్త్రీ. యూదు కథకుడు ఐజాక్ బాషెవిస్ సింగర్ కథలో యెంట్ల్ అను కన్య కలదు. ఆడుపిల్లలకు శాస్త్రము చెప్పరు గనుక ఆమె మగవేషము వేసికొని గురుకులమున చేరును. హీలీగారు ఆ పేరు తీసికొని ఈ స్థితికి ‘యెంట్ల్ లక్షణము’ అని నామకరణము చేసిరి. స్త్రీ తన గుండెజబ్బు మగవాని జబ్బువంటిదేయని రుజువు చేసికొన్న పిమ్మటనే ఆమెకు మగవానితో సమానమైన చికిత్స దొరకునని ఆమె వాదము. వాస్తవమునకు రెండవ వ్యాసములోని లెక్కలు ఆ మాటనే చెప్పినవి. ఆంజియోగ్రాం జరిగి జబ్బు బయటపడిన పిమ్మట బైపాస్ విషయమున పెద్ద తేడా లేదు. గడప దాటువరకే కష్టము.

రెండేండ్లు తిరుగకమునుపే ప్రభుత్వ ధనముతో జరుగు రోగి పరీక్షలలో స్త్రీలను చేర్చవలెనని 1993లో అమెరికాలో శాసనము వచ్చినది. ఆ పిమ్మట లెక్కలు వరదవలె వచ్చిపడినవి. అన్నియు చెప్పి శ్రోతలను విసిగింపము. 1999లో వెలువడిన ఒకదానిని మాత్రము విడువరాదు. మూడులక్షల ఎనుబదినాలుగువేల మందికి పైగా గుండెపోటు రోగులలో, ఆసుపత్రిలోనే మరణించినవారు స్త్రీలలో నూటికి 16.7, పురుషులలో 11.5. స్త్రీలు పెద్దవయస్సువారు గనుక ఎక్కువమంది పోయిరి అనుట కొంత నిజమే. కాని ఏబదియేండ్లలోపు వారిని మాత్రమే తీసికొని చూచినచో తేడా తగ్గుటకు మారు పెరిగినది. స్త్రీల మరణములు పురుషుల మరణములకు రెట్టింపు దాటినవి. ముసలితనమే కారణమైనచో పడుచువారు ఎక్కువగ ఏల పోవలెను?

ఒక సమాధానము 2012లో వచ్చినది. పదునొకండు లక్షలకు మించిన రోగులను పరిశీలింపగా, ఱొమ్మునొప్పి లేకుండ గుండెపోటుతో వచ్చినవారు స్త్రీలలో నూటికి 42, పురుషులలో దాదాపు 31. ఆయాసము, వాంతి, చెమట, దవడలోనో వీపులోనో పోటు, చెప్పరాని నిస్సత్తువ: ఇవి ఆ రోగుల ఫిర్యాదులు. నొప్పి లేనివారికి చికిత్స ఆలస్యమగును. ఆలస్యమైనవారు ఎక్కువగ మరణింతురు. ఇచటనొక జాగ్రత్త చెప్పవలసియున్నది. ఆడువారికి గుండెపోటులో ఱొమ్మునొప్పి రాదని కొందరు ప్రచారము చేయుచున్నారు, అది తప్పు. స్త్రీలలోను సగమునకు మించినవారికి ఱొమ్మునొప్పియే వచ్చును. వచ్చినను దానిని గుండెనొప్పియని ఒప్పుకొనుటకు ఇంటివారును, ఒక్కొక్కప్పుడు వైద్యుడును సిద్ధముగ నుండరు. మన ఇండ్లలో ఆ నొప్పికి ‘వాయువు’ అని పేరు. ఇంత వాము నమిలి, సోడా త్రాగి, కాసేపు నడుము వాల్చినచో పోవునని పెద్దల సలహా.

వివక్షను గూర్చి వ్రాయువారును తొందరపడుట కలదు. 1999లోనే 720 మంది వైద్యులకు రోగుల వేషము వేసిన నటుల చలనచిత్రములు చూపి పరీక్షించిరి. స్త్రీలకును, నల్లవారికిని ఆంజియోగ్రాం చెప్పుట నూటికి నలుబది వంతులు తక్కువయని పత్రికలు గగ్గోలు పెట్టినవి. పిమ్మట ఇతరులు ఆ అంకెలను విప్పి చూపిరి. తెల్ల పురుషులకు, తెల్ల స్త్రీలకు, నల్ల పురుషులకు మువ్వురికిని నూటికి 90.6 చొప్పుననే సలహా యిచ్చిరి. నల్ల స్త్రీలకు మాత్రము 78.8. అన్యాయమున్నది, అది గగ్గోలు పెట్టిన చోట కాక, ఎవరును వేరుగ చూడని చోట నున్నది. లెక్క వేయువారు ఎవరిని ఎవరితో కలిపి కూడుచున్నారో చూడవలెనని ఈ ఉదంతము మాకు నేర్పినది.

ఇక ‘నాళము తెరచియున్నది, కావున జబ్బు లేదు’ అను తర్కము. 1996లో అమెరికాలో ప్రారంభమైన ఒక స్త్రీల పరిశీలన దానిని వమ్ముచేసినది. ఆంజియోగ్రాంలో కనబడు పెద్ద నాళములు బాగున్నను, కంటికి కనబడని సన్నని నాళములు సరిగా వ్యాకోచింపకపోవుటచే గుండెకు రక్తము చాలకపోవచ్చును. అట్టి స్త్రీలను భయము లేదని పంపివేసినచో వారిలో కొందరు గుండెపోటుతో తిరిగి వచ్చిరి. నాళపు గోడ తనంత తానే చీలుట మరియొక కారణము. దానిని 1931లోనే నలుబదిరెండేండ్ల స్త్రీ శవపరీక్షలో చూచి వర్ణించియున్నారు. తీవ్రమైన దుఃఖమో భయమో కలిగిన పిమ్మట గుండె యొక భాగమున బుంగవలె ఉబ్బి సొమ్మసిల్లుటను 1990లో జపాను వైద్యులు వర్ణించి, ఆక్టోపసును పట్టు కుండ ఆకారమునుబట్టి ‘టకోట్సుబో’ అనిరి. అందు బాధపడువారు చాలవరకు ఋతువుడిగిన స్త్రీలు. బిడ్డ పోయిన తల్లికి గుండె పగిలినదని మనవారు అనుట ఉపమానము మాత్రమే కాదన్నమాట.

రక్తపరీక్షలోను కొలబద్ద మగవానిదే. గుండె కండరము దెబ్బతిన్నపుడు ట్రోపోనిన్ అను పదార్థము రక్తములోనికి వచ్చును. ఆడువారి గుండె చిన్నది గనుక వచ్చు మొత్తమును తక్కువ. ఎడింబరోలో పురుషులకు 34, స్త్రీలకు 16 అని వేరువేరు హద్దులు పెట్టి చూడగా, గుండెపోటని తేలిన స్త్రీల సంఖ్య నూటికి 11నుండి 22కు పెరిగినదని 2015లో ప్రకటించిరి. పురుషులలో పెరిగినది స్వల్పము. సమస్య తీరినదని సంతోషించిరి. స్కాట్లండు ఆసుపత్రులలో నలుబది యెనిమిదివేల మందికి పైగా రోగులపై దీనిని అమలుపరచి 2019లో ఫలితము చూచుకొనిరి. జబ్బు బయటపడిన స్త్రీలు పెరిగిరి, చికిత్స మాత్రము వారికి పురుషులతో సమముగ అందలేదు, మరణములు తగ్గలేదు.

దీనికి విరుద్ధముగ, అమెరికాలోని క్లీవ్‌లండ్ ఆసుపత్రిలో 2014నుండి కొత్త పరికరమేదియు లేకయే యొక మార్పు చేసిరి. తీవ్రమైన గుండెపోటుతో వచ్చిన ప్రతి రోగికి ఏ మందు, ఏ క్రమమున, ఎవరు ఈయవలెనో వ్రాసిన జాబితా పెట్టి, రోగిని శస్త్రచికిత్సా గదికి పంపు అధికారము అత్యవసర విభాగపు వైద్యునికే యిచ్చిరి. ఆ జాబితాలో స్త్రీ, పురుషుడు అను మాటయే లేదు. మందులు అందుటలోను, నాళము తెరచుటకు పట్టు కాలములోను ఉండిన తేడా దాదాపు మాసిపోయినది. 1991నుండి 2010వరకు ఫ్లోరిడా రాష్ట్రపు గుండెపోటు రోగులను పరిశీలించినవారు మరియొకటి చూచిరి. స్త్రీ రోగిని పురుష వైద్యుడు చూచినపుడు ఆమె బ్రతుకు అవకాశము తక్కువ. ఆ పురుషుడే స్త్రీ వైద్యులు ఎక్కువగ నున్న ఆసుపత్రిలో పనిచేయునపుడు, స్త్రీ రోగులను ఎక్కువగ చూచియున్నపుడు ఆ కొరత తగ్గినది.

మన దేశపు లెక్కలకు వచ్చినచో హెబర్డెన్ గారి మాట మరల జ్ఞప్తికి వచ్చును. 50 నగరములలోని 89 ఆసుపత్రులలో గుండెపోటు రోగులను పరిశీలించి 2008లో ప్రకటించిన వివరములలో స్త్రీలు నాలుగవ వంతునకు లోపే. గోదావరి జిల్లాలలోని 45 పల్లెలలో మరణములను ఇల్లిల్లు తిరిగి విచారించి 2006లో వెల్లడించిన పరిశీలనలో, గుండె రక్తనాళముల జబ్బులే మరణములకు మొదటి కారణము. ఇంటికి పోయి అడిగిన లెక్క వేరు, ఆసుపత్రి గుమ్మమున నిలిచి వ్రాసికొన్న లెక్క వేరు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు 2016లో వచ్చిన దాదాపు ఇరువదినాలుగు లక్షల రోగులలో, స్త్రీ యొక్కరికి పురుషులు 1.69 మంది. ఊరు దూరమైన కొలది ఆడువారు మరింత తగ్గిరి.

ఖర్చుకు వెనుదీసి ఆడువారిని తీసికొని రారని అందురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2007లో ఆరోగ్యశ్రీ పథకము మొదలైనది. పేదలకు గుండె శస్త్రచికిత్స మున్నగునవి ఉచితము. ఆ పథకపు తొలి సంవత్సరముల లెక్కలను పరిశీలించి 2018లో ప్రకటించినవారు, ఆసుపత్రిలో చేరినవారిలో స్త్రీలు సగమునకు తక్కువయనియు, వారికైన వ్యయము అంతకంటె తక్కువ వంతనియు కనుగొనిరి. రోగి సొమ్ము ఇచ్చుకొననక్కరలేదు. కాని ఆసుపత్రి పట్టణములో నున్నది. ఆమెతో ఎవరో యొకరు కూలి మానుకొని పోవలెను. ఆమె వచ్చువరకు పొయ్యి ఎవరు వెలిగింతురు, పశువులకు గడ్డి ఎవరు వేయుదురు? తెల్లవారుజామున వీపులో పోటు మొదలైన ఇల్లాలు పిల్లలను బడికి పంపి, చేనికి అన్నము పంపి, వాము నమిలి, సాయంకాలము మగవారు ఇంటికి వచ్చిన పిమ్మట నోరు విప్పును. అప్పటికి బండి కట్టించి పట్టణము చేరుసరికి రాత్రి యగును. గుండె నాళములో గడ్డకట్టిన రక్తమును కరిగించు మందు మొదటి గంటలలో ప్రాణదాత. పండ్రెండు గంటలు దాటిన పిమ్మట దానిని సాధారణముగ ఈయరు.